ఇప్పపువ్వు ఆరిన డాబా

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు బూర్గంపాడులో ఒక డాబా మీది గదిలో కిరాయికి ఉన్నాను. మామూలు రోజుల్లో కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు, సెలవుల్లో నా పరిశోధన. తెల్లటి టైటానియం పొడిలో చిటికెడు రాగి కలిపి, తడిపి గాజు సీసాలో వేసి, బొగ్గుపులుసు వాయువు నింపి ఎండలో పెట్టేదాన్ని. ఆ వెలుతురుకు వాయువు మీథేన్ అనే ఇంధనంగా మారాలి. ఉత్త పొడి కన్నా రాగి కలిపిన పొడి ఎక్కువ మార్చాలి. నా పీహెచ్‌డీ అంతా దాని మీదే ఉంది. కాలేజీలో చెబితే "ఎండతో పొయ్యి వెలిగిస్తవా ఏంది" అని నవ్వేవాళ్లు. చెప్పడం మానేశాను.

ఇల్లుగలామె ఒక కోయ ముసలమ్మ. అవ్వా అని పిలిచేదాన్ని. ఎండలు ముదరగానే అడవిలో ఏరుకొచ్చిన ఇప్పపువ్వు డాబా నిండా ఆరబోసేది. సాయంత్రం కోడలితో పైకొచ్చి, పువ్వు తిరగేస్తూ కబుర్లు చెప్పేది. ఆ ఊళ్లో నన్ను "తిన్నవా" అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. కడిగిన పొడిని నేనూ ఆ పువ్వు పక్కనే పళ్లెంలో ఆరబెట్టేదాన్ని.

ఓసారి సీసాలోని గాలిని వరంగల్‌లో మా గైడ్ దగ్గర మిషన్‌లో పరీక్షిస్తే బోలెడంత మీథేన్ కనిపించింది. ఎవరికి చెప్పాలా అని బస్సులో ఆలోచిస్తే అవ్వే గుర్తొచ్చింది.

"అవ్, మంచిగయింది బిడ్డా" అని గుప్పెడు వేయించిన ఇప్పపువ్వు చేతిలో పెట్టింది.

గైడ్ మాత్రం అంత తొందరగా నమ్మలేదు. బొగ్గుపులుసు వాయువు లేకుండా ఉత్త నత్రజని నింపి చూడమన్నారు. చూశాను. అప్పుడూ మీథేన్ అంతే వచ్చింది. అంటే అది బొగ్గుపులుసు వాయువు నుంచి వచ్చింది కాదు. డాబా మీద ఆరేటప్పుడు, పక్కన మగ్గుతున్న పువ్వు ఆవిరిని పొడి పీల్చుకుంది. ఎండకు విరిగి మీథేన్ అయింది ఆ ఆవిరే. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"పువ్వు ఇంకోచోట పోస్తావా అవ్వా? ఆవిరి నా పొడికి అంటుతోంది."

"గట్లనా. రేపటి సంది వాకిట్ల పోస్తం తీ." చీపురు తెచ్చి డాబా అంతా తనే ఊడ్చింది.

కొత్త పొడితో మళ్లీ చేశాను. నత్రజని సీసాలో ఏమీ రాలేదు. బొగ్గుపులుసు వాయువు సీసాలో మీథేన్ కొంచెమే వచ్చింది, కానీ నిజంగా వచ్చింది. ఉత్త పొడి కన్నా ఎక్కువే. మిషన్ ఇచ్చిన కాగితం పట్టుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. డాబా మీద నా సీసాలు తప్ప ఎవరూ లేరు. అంత ఒంటరితనం అంతకుముందు నాకు తెలియదు. కింద వాకిట్లో అవ్వా కోడలూ పువ్వు తిరగేస్తున్నారు. పిట్టగోడ మీద నుంచి వంగి పిలిచాను.

"అవ్వా, ఒక్కసారి పైకి రావా."

అవ్వ తలెత్తి చూసింది.

"వద్దు బిడ్డా. మా చీరలకు గూడ పువ్వు వాసనే ఉంటది."