మైనస్ గుర్తు తీసేసిన మనిషి

మా బావకు మాటలు పొదుపు, లెక్కలు ధారాళం. టీకాల గిడ్డంగిలో కంప్యూటర్ పని ఆయనది, ఆ టీకాల వ్యాను తోలే పని నాది. మా అక్క ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో అన్నం కట్టేది. ఎవరి వాటా ఎంతో తేల్చేది బావే. భాగహారం చేసి, శేషం మిగిలితే అదీ తనే తినేసేవాడు.

టీకాలుంచే చల్లగదిలో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల దాకా ఉండాలి. వెచ్చబడినా మందు చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. గడ్డకట్టి కరిగిన మందు చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది, అదీ దాని దుర్మార్గం. గదిలో చలిని కొలిచే యంత్రం ఎప్పటికప్పుడు డిగ్రీలను డేటాబేస్‌లో రాస్తుంది. బావ రాసిన క్వెరీ వాటిని చదివి, హద్దు దాటితే అలారం మోగిస్తుంది.

వెనకటి యంత్రానికి ఏదో మాయరోగం పట్టుకుంది. అయిదున్న చోట మైనస్ అయిదని రాసేది. అలారం ఊరికే మొత్తుకునేది, ఆఫీసరు బావను చివాట్లు పెట్టేవాడు. బావ విసిగిపోయి క్వెరీలో ఏబీఎస్ అనే ఫంక్షన్ పెట్టాడు. అది డేటాబేస్‌తోపాటే వచ్చే లెక్క. మైనస్ గుర్తు తీసేసి ఉత్త అంకెను ఇస్తుంది. అలారం నోరు మూసుకుంది. తర్వాత కొత్త యంత్రం వచ్చింది గానీ, ఆ ఫంక్షన్ తీసేయాలని ఎవరికీ తోచలేదు, ఆయనకు కూడా.

ఆ చలికాలం గదిని చల్లబరిచే యంత్రం అదుపు తప్పింది. లోపల మైనస్ నాలుగు, తెరమీద నాలుగు. పెట్టెలు ఎత్తుతుంటే నా వేళ్ళు కొంకర్లు పోయాయి.

"బావా, ఇవాళ మరీ చల్లగా ఉన్నాయేంటి?" అన్నాను.

"నాలుగుందిరా. నీకే చలెక్కువ" అన్నాడు.

నేనూ నవ్వేసి బండి తీశాను.

ఆ మందే మా మేనకోడలి పాపకూ వేశారు. బావకు ఆ మనవరాలంటే పంచప్రాణాలు. కొన్నాళ్ళకు పాపకు కోరింత దగ్గు పట్టుకుంది. "ఈ దగ్గు రాకుండా సూది వేయించారు కదా?" అని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. బావ అటునుంచటే ఆఫీసుకెళ్ళి, ఏబీఎస్ తీసేసి పాత అంకెలు చూశాడు. వరసపెట్టి అన్నీ మైనస్‌లే.

వెళ్ళి ఆఫీసరుతో చెప్పాడు.

"రిపోర్టులో నాలుగనే ఉంది కదయ్యా. ఇప్పుడు జనాన్ని భయపెట్టడం దేనికి? గది బాగు చేయిద్దాం, చాలు" అన్నాడాయన.

బావ తలూపాడు. అది బావ నోట విని నాకు ఒళ్ళు మండింది. ఆ సూదే పడ్డ పిల్లలు ఊరంతా ఉన్నారు, వాళ్ళకి మళ్ళీ వేయకపోతే గతేంటని అరిచాను. బావ నా మొహం చూడలేదు.

పాప దక్కలేదు. దగ్గీ దగ్గీ నీలంగా మారి, తల్లి ఒళ్ళోనే పోయింది.

మా మేనకోడలు తండ్రి చెయ్యి పట్టుకుని, "మన ఖర్మ నాన్నా. టీకా కూడా వేయించాం, ఇంకేం చేయగలం?" అంది. ఆ ఓదార్పు బావ భరించలేకపోయాడు. ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మిగతా పిల్లల అమ్మలకి చెప్పారా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే బావ వచ్చి వ్యానులో కూర్చున్నాడు. ఉద్యోగం పోతే పోనీ అన్నాడు. సంగతి విన్న ఊరి ఆస్పత్రి నర్సమ్మ, గది చెడకముందే తన దగ్గరికి వచ్చిన మంచి మందు సర్దుకుని తనూ ఎక్కింది.

మొదటి ఇంట్లో పసివాణ్ణి ఎత్తుకున్న తల్లి వచ్చి తలుపు తీసింది.

"మళ్ళీ సూదా? మొన్నే కదా వేశారు."

"అది పాడైన మందమ్మా. పొరపాటు నాదే. మళ్ళీ వేయాలి" అన్నాడు బావ.

ఆమె పిల్లాణ్ణి గుండెకు అదుముకుంది. "ఊళ్ళో వాళ్ళ పిల్లలంటే మీకు ఆటగా ఉందా? మీ ఇంట్లో పిల్లలకైతే వేస్తారా అలాంటి మందు?"

"మా మనవరాలికీ అదే వేయించానమ్మా."

ఆమె కాస్త మెత్తబడింది. "మరి ఆ పాపకి మళ్ళీ వేయించారా?"

"లేదమ్మా. ఆలస్యమైపోయింది."

ఆమె పక్కకి జరిగి లోపలికి దారిచ్చింది. పిల్లాణ్ణి నర్సమ్మ ఒళ్ళో పెట్టింది. వాడు కాళ్ళు తన్నుకుంటుంటే, "కాస్త గట్టిగా పట్టుకోండి" అంది నర్సమ్మ బావతో.

బావ ఆ చిన్న కాళ్ళు పట్టుకున్నాడు.