మాక్ ఆర్బిట్రేషన్‌లో మా ప్రొప్రయిటర్‌గారు

పేజరు నడుముకి తగిలించుకున్నవాడల్లా పెద్దమనిషిగా చలామణీ అయిపోయే ఆ రోజుల్లో నేను సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, విజయవాడలో ఒక బిల్డర్ దగ్గర సైట్ ఇంజనీరుగా చేరాను. ఇల్లు కట్టడానికి సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర ఉంటే చాలనుకునేవాణ్ణి. వాటికంటే ముందు ఒప్పందమనేది ఒకటుంటుందనీ, దాన్ని చదవడం కూడా ఒక విద్యేననీ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఏదో తగాదా విషయమై మా ఆఫీసుకి వచ్చిన లాయరుగారు, "మీ అగ్రిమెంటులో ఫోర్స్ మెజూర్ ఉందా?" అని అడిగితే, "ఇంకా రాలేదండీ, ప్లంబరు తెస్తానన్నాడు" అన్నాను. (ఫోర్సనీ, మెజరనీ వినపడ్డాయి కదా, నీళ్ళ ఒత్తిడి కొలిచే మీటరు కాబోలనుకున్నాను. వరదలూ తుఫానుల్లాంటి, మనిషి చేతిలో లేని ఆపదల గురించి రాసుకునే షరతని తర్వాత తెలిసింది.) లాయరుగారు నవ్వలేదు. నవ్వి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదు.

మా ప్రొప్రయిటర్‌గారు ఉయ్యూరు దగ్గర చెరకు పండించి, ఆ తర్వాత బెజవాడ వచ్చి అపార్టుమెంట్లు పండించడం మొదలుపెట్టిన మనిషి. ఆ సాయంత్రమే నన్ను పిలిచారు. "ఏవయ్యా, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి కట్టడాల చట్టాల మీద ఏదో పీజీ కోర్సు పెట్టారంట. ఆదివారాలే క్లాసులంట. ఫీజు నేను కడతా, నువ్వు చేరు. మన కంపెనీలో కూడా లా పాయింట్లు తెలిసినోడు ఒకడుండాల" అన్నారు. అప్పుడే మా ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. ఇంజనీరు అని ఊరుకోకుండా 'లా కూడా చదువుతున్నాడు' అని చెప్పుకోవచ్చు కదా అని మా అమ్మ నాకంటే ఎక్కువ సంబరపడింది.

మొదటి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లాసుకి వెళ్ళాను. విద్యార్థుల్లో సగం మందికి నెత్తి నెరిసింది. రిటైర్మెంటుకి దగ్గరపడిన ప్రభుత్వ ఇంజనీర్లు, చిన్నాపెద్దా కాంట్రాక్టర్లు, బీకాం చదివి ఆటోనగర్‌లో సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే ఒక భాయ్. (సెంట్రింగ్ అంటే స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే రేకులూ కర్రలూ. ఊళ్ళో సగం స్లాబులు ఆ భాయ్ రేకుల మీదే ఆరేవి.) ఖాళీగా ఉన్న బెంచీ చూసి కూర్చుని, పక్కకి తిరిగాను. పక్కన బ్యాంకు మేడమ్‌గారు. ఆవిడ ఒక బ్యాంకులో ఇళ్ళ లోన్లు చూసే ఆఫీసరు. పటమటలో ఆవిడ సొంత ఇల్లు కడుతున్నది మేమే. కడుతున్నది అనడం కూడా మర్యాదకే. గోడలు లేచి, స్లాబు లేక, ఆ ఇల్లు నెలల తరబడి ఆకాశం చూస్తూ ఉంది.

"ఏం బాబూ, నువ్వూ చేరావా?" అన్నారావిడ.

"అవునండీ. మీరు... మీరెందుకండీ మేడమ్‌గారూ?"

"మీ కోసమే చేరాను" అన్నారు, పెన్ను క్యాపు తీస్తూ.

అక్కణ్ణించి నా బతుకు విచిత్రంగా తయారైంది. సోమవారం పొద్దున బ్యాంకుకి వెళుతూ సైటు దగ్గర ఆగి ఆవిడ నన్ను కడిగేసేవారు. ప్రొప్రయిటర్‌గారు నాకు అప్పజెప్పిన జవాబులు నేను ఆవిడకి అప్పజెప్పేవాణ్ణి. ఇసుక లారీలు రావట్లేదండీ. సెంట్రింగ్ మేస్త్రీ బావమరిది పెళ్ళండీ. ఆదివారం వచ్చేసరికి అదే మేడమ్‌గారు డబ్బా మూత తీసి, "తిను బాబూ, ఎండలో తిరుగుతావు" అని పులిహోర పెట్టేవారు. ఆ పులిహోర గొంతు దిగడానికి నేను పడ్డ అవస్థ ఏ క్లాజులోనూ లేదు.

కోర్సు సగంలో మాస్టారు మాక్ ఆర్బిట్రేషన్ పెట్టారు. తగాదా కోర్టుకి పోకుండా, రెండు పక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి ముందు వాదించుకుని తీర్పు చెప్పించుకోవడం అన్నమాట. అది నాటకంలా క్లాసులోనే వేయాలి. ఇంటి పని ఆలస్యం చేసిన కాంట్రాక్టరు మీద యజమాని ఫిర్యాదు, ఇదీ కేసు. మా సంగతి తెలిసే అన్నారో, తెలియకే అన్నారో గాని, "అవతలివాళ్ళ బాధ తెలియాలి. కాబట్టి మేడమ్‌గారు కాంట్రాక్టరు, ఈ అబ్బాయి యజమాని, భాయ్ మధ్యవర్తి" అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. అనుభవమున్న బిల్డరు ఎవరైనా అతిథిగా వస్తే బాగుంటుందంటే, భాయ్ తన పాత ఖాతాదారు ఒకరున్నారని పిలుచుకొచ్చాడు. ఎవరనుకున్నారు? బోస్కీ చొక్కా వేసుకుని, అత్తరు గుబాళిస్తూ మా ప్రొప్రయిటర్‌గారు! వెనక వరసలో ఫ్యాను కింద కూర్చుని, "కానీవయ్యా, మన పేరు నిలబెట్టు" అని నాకు సైగ చేశారు. నేను ఎవరి తరఫున వాదిస్తానో ఆయనకింకా తెలియదు.

బనీను తడిసిపోయింది. వాదించకపోతే మార్కులు పోతాయి. వాదిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు మా ఇంట్లో మాట్లాడుతున్న గుడివాడ సంబంధం కూడా పోతుంది. లేచి, పని ఎందుకు ఆగిందని అడిగాను.

మేడమ్‌గారు గొంతు సవరించుకుని, అచ్చం నాలాగే చేతులు నలుపుకుంటూ, "సెంట్రింగ్ మేస్త్రీ బావమరిది పెళ్ళండీ" అన్నారు.

"పోయిన నెలా అదే చెప్పారు. మీ మేస్త్రీకి ఎంతమంది బావమరుదులండీ?"

"దేవుడిచ్చినంతమందండీ."

క్లాసు గొల్లుమంది. ఆ నవ్వుతో నాకెక్కడలేని ఊపూ వచ్చేసింది. "సరే, మే నెలలో ఎందుకు పని జరగలేదు?" అన్నాను.

"వానలండీ" అన్నారావిడ.

వెనక కుర్చీ కిర్రుమంది. ప్రొప్రయిటర్‌గారు లేచి నిలబడ్డారు. కాంట్రాక్టరు పక్షం ఓడిపోతుంటే ఆయన ప్రాణం ఊరుకోలేదు; ఆ వేషంలో ఉన్నదెవరో కూడా మరిచిపోయారు. "అమ్మా, మే నెల్లో వానలేందమ్మా! ఎండలనాల. ఎండకి కూలోళ్ళు పడిపోతన్నారనాల!"

మాస్టారు బతిమాలి కూర్చోబెట్టారు. నేను ఆగలేదు. ఆగే స్థితిలో లేను. "అయితే ఆ నెలంతా మీ కూలీలు ఎక్కడున్నారండీ?"

మేడమ్‌గారు తడబడ్డారు. "ఏమోనండీ, నాకేం తెలుసు" అన్నారు. పాపం, ఆవిడకి నిజంగానే తెలియదు.

"తెలీదంటే కేసు పోద్దమ్మా!" మళ్ళీ లేచారు ప్రొప్రయిటర్‌గారు. "గుడివాడ సైటు కాడ స్లాబు అర్జెంటయింది, పటమట నుంచి మనుషులందర్నీ అటు తోలాం, ఇంటావిడ అడిగితే ఏదో ఒకటి చెప్తున్నాం అని ధైర్యంగా చెప్పండి!"

మేడమ్‌గారు చేతిలో కాగితాలు మెల్లగా బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగారు.

"గుడివాడా అండీ?" అన్నారు.

ప్రొప్రయిటర్‌గారు నిలబడినంత వేగంగా కూర్చోలేకపోయారు. మధ్యవర్తి భాయ్ టేబులు మీద డస్టరుతో కొట్టి, "కాంట్రాక్టరు తరఫు పెద్దమనిషి స్వయంగా ఒప్పుకున్నారు కాబట్టి, దసరా లోపల ఇల్లు అప్పజెప్పాలని తీర్పు. సెంట్రింగ్ సామాను రేపే నేను పంపిస్తా" అన్నాడు.

"మధ్యవర్తి సామాను పంపకూడదు భాయ్!" అని మాస్టారు నెత్తి పట్టుకున్నారు.

"ఇదంతా ఉత్తుత్తి కేసే కదండీ మాస్టారూ?" అన్నారు ప్రొప్రయిటర్‌గారు, గొంతు బాగా తగ్గించి.

"కేసు ఉత్తుత్తిదేనండీ" అన్నారు మేడమ్‌గారు. "ఇల్లు మాత్రం నాదే."

తిరుగుప్రయాణంలో ఆయన మారుతీ వ్యానులో కూర్చున్నాను. బెంజి సర్కిల్ దాకా వచ్చాక, టీ కొట్టు దగ్గర బండి ఆపి, "నా డబ్బుల్తో నా మీదే చదువుకున్నావు కదయ్యా" అన్నారు.

"రాజీనామా ఇచ్చేస్తానండీ."

"నిన్నెవడడిగాడు రాజీనామా? పొద్దున్నే గుడివాడ పోయి మనుషుల్ని తోలుకురా. ఆవిడ ఇంకో సెమిస్టరు చదివిందంటే మన కంపెనీయే ఉండదు" అని, టీలో బిస్కెట్టు ముంచి, ఉన్నట్టుండి పకపకా నవ్వేశారు. నాకూ నవ్వొచ్చింది గాని, ముందు ఏడుపొచ్చింది.

ఇల్లు దసరాకి కాలేదు, దీపావళికి అయింది. గృహప్రవేశంలో మేడమ్‌గారు నన్ను చుట్టాలందరికీ 'మా క్లాస్‌మేట్' అని పరిచయం చేశారు. ప్రొప్రయిటర్‌గారికి పట్టుపంచె పెట్టారు. ఆయన ఆ పంచె కట్టుకుని, అక్కడికి వచ్చినవాళ్ళకి స్లాబు నాణ్యత గురించి చాలాసేపు చెప్పారు. గుడివాడ సంబంధమూ కుదిరింది. (మా ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి అంతకుమించి రాయను.)

ఇప్పుడు నా పనే ఆర్బిట్రేషన్లు. ఏసీ గదుల్లో, అద్దాల బల్లల చుట్టూ కూర్చుంటాం. రెండు పక్షాలవాళ్ళూ ఆచితూచి మాట్లాడతారు, వాయిదాలు అడుగుతారు, మంచినీళ్ళు తాగుతారు. వెనక వరసలోంచి ఎవరూ లేచి ఉన్న సంగతి కక్కెయ్యరు. అలాంటప్పుడు చెమటతో తడిసిపోయిన బనీనుతో 'కూలీలు ఎక్కడున్నారండీ' అని గట్టిగా అడిగిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే కొంచెం నవ్వూ, కొంచెం అసూయా. ఇప్పుడు నేను అంత చిన్న ప్రశ్న అడగాలన్నా, ముందు జూనియరు చేత ఒక నోటీసు రాయిస్తాను.