బాపు కాగబెట్టిన డ్రమ్ము

మా జనగామలో ఒకప్పుడు డప్పు మోగని రోజంటూ ఉండేది కాదు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. దీక్షా టెంట్లలో డప్పు, ర్యాలీల ముందు డప్పు, రోడ్డు మీద వంటావార్పు పెడితే అక్కడా డప్పే. బంద్‌ల పుణ్యమా అని కాలేజీ సరిగ్గా నడవక నాలాంటి వాళ్లకు వాయించే తీరికా, వినే జనమూ రెండూ దొరికేవి. అసలు నేను పుట్టిందే ఆ చప్పుళ్ల మధ్య. బాపు డప్పు కళాకారుడు, పెళ్లిళ్లప్పుడు బ్యాండు మేళంలోనూ వాయించేవాడు. నేను గిన్నెల మూతలతో మొదలుపెట్టి, అవ్వ చేతి దెబ్బలతో తాళం నేర్చుకున్నాను. (మా ఇంట్లో సొట్ట లేని గిన్నె ఒక్కటీ ఉండేది కాదు. నా సంగీత శిక్షణకు అవే సాక్ష్యం.)

డిగ్రీలో ఉండగా, గిటారు వాయిస్తాడని అందరూ గిటారన్న అని పిలిచే అతను పరిచయమయ్యాడు. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడి కొడుకు. ఉద్యమ పాటలను రాక్ బ్యాండు మీద పాడాలన్నది అతని పట్టుదల. డ్రమ్‌సెట్టు ఉంది, వాయించేవాడు లేడు. నేను వాయిస్తానన్నాను. అంతవరకు డ్రమ్‌సెట్టును టీవీలో తప్ప చూడలేదన్న సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు. అలా ఆదివారాలన్నీ భూపాలపల్లిలో వాళ్ల క్వార్టర్‌లోనే గడిచాయి. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే ఇరుగుపొరుగు కార్మికులు నా వాయింపును ఎలా భరించారో తెలియదు గాని, వాళ్లకు ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

మా మొదటి ప్రదర్శన మహబూబాబాద్‌లో, ఉద్యమ ఆటపాటల సభ ధూంధాం వేదిక మీద. గిటారన్న ముందే తేల్చి చెప్పాడు. "గియ్యాల మంచిగ కొడితే నువ్వే మా డ్రమ్మర్‌వి తమ్మీ. లేకుంటె ఇంకొకన్ని సూస్కుంటం." నేను నల్ల టీషర్టు, నల్ల కళ్లద్దాలతో తయారయ్యాను. (ఆ అద్దాలతో నాకు డ్రమ్ములు సరిగ్గా కనిపించేవి కావు, అది వేరే విషయం.) కొడుకు వాయింపు చూడాలని బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని జనగామ నుంచి రైలెక్కి వచ్చాడు. పొద్దుటి నుంచీ ముసురు. మేం పులిహోర తిని వస్తామని, డ్రమ్ములను కాస్త చూస్తుండమని బాపుకు అప్పగించి వెళ్లాం.

తిరిగి వచ్చేసరికి స్టేజీ వెనక గడ్డిమంట. మంట ముందు బాపు. బాపు చేతుల్లో, సెట్టు మొత్తానికీ ప్రాణంలాంటి చిన్న డ్రమ్ము. దాని ముఖం అప్పడంలా ముడుచుకుపోయి, నడుమ పెద్ద చిల్లు.

ముసురులో డప్పు తోలు మెత్తబడుతుంది, మంటకు కాచి బిగువు తెప్పించనిదే ఏ డప్పు కళాకారుడూ పుల్ల పట్టడు. ప్లాస్టిక్ తోలు కూడా ఒకటుంటుందని బాపుకు ఎవరు చెప్పారు?

"మెత్తవడ్డదేమో అని జర కాగబెట్టిన బిడ్డా," అన్నాడు, నా ముఖంలోకి చూడలేక.

గిటారన్న కోపం మింగుకుని సెట్టు సర్దేయమన్నాడు. ఇన్ని ఆదివారాలూ గంగలో కలిశాయనుకున్నాను. బాపు మీద అరవబోయి, ఆ ఇస్త్రీ చొక్కాకు అంటిన మసి చూసి, సెట్టు విప్పడానికి వంగాను. బాపు మెల్లగా లేచి, పక్కనే ఉన్న డప్పు బృందం దగ్గరికి వెళ్లి రెండు డప్పులు అడిగి తెచ్చాడు. ఒకదాన్ని ఆ డ్రమ్ము స్టాండు మీద పెట్టి, భుజం మీది తువ్వాలతో కట్టాడు. "నువ్వు కొట్టు. మెత్తవడకుంట నేను సూస్కుంట," అన్నాడు.

గిటార్లను చూసి ఇదేం బాజా అని గొణుక్కుంటున్న జనం, డప్పు మీద మొదటి దెబ్బ పడగానే లేచి నిలబడ్డారు. పాట పూర్తయ్యేసరికి ఆ డప్పు మెత్తబడేది. బాపు వంగి వంగి స్టేజీ మీదికొచ్చి, కాగిన డప్పు కట్టి, మెత్తబడిన దాన్ని మంట దగ్గరికి తీసుకుపోయేవాడు. కాసేపటికి గిటారన్నే ప్రతి పాటకూ ముందు వెనక్కి తిరిగి, "బాపూ, కాగిందా?" అని అడిగి గాని తీగ ముట్టలేదు.

అన్నీ అయ్యాక గిటారన్న నా దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "నిన్నుంచుకుంటం గని తమ్మీ, బాపును మాత్రం ప్రతి షోకు తీస్కరా."

రాష్ట్రం వచ్చింది, బ్యాండూ ఇంకా ఉంది. నా సెట్టులో ఆ చిన్న డ్రమ్ము పక్కన ఇవాళ్టికీ ఒక డప్పు ఉంటుంది. ఈ ప్రయోగం ఎలా తట్టిందని ఎవరైనా అడిగితే గంభీరంగా తల ఊపుతాను. ఏసీ హాళ్లలో గడ్డిమంట పెట్టనివ్వరు కాబట్టి హోటల్లో హెయిర్ డ్రయ్యర్ అడుగుతాను. తెచ్చే కుర్రాడు నా నున్నటి తలను ఒకసారి, డ్రయ్యర్‌ను ఒకసారి చూసి, మర్యాదగా తలుపు వేసి వెళ్లిపోతాడు.

మోకాళ్ల నొప్పులతో బాపు ఇప్పుడు అన్ని షోలకూ రాలేడు. ఫోను మాత్రం తప్పదు. "కాగబెట్టినవా బిడ్డా?"

"కాగబెట్టిన బాపూ," అంటాను. ఒక్కోసారి ఎండాకాలం, డప్పు ఖంగుమంటూనే ఉంటుంది. అయినా ఆ మాట అన్నాక డ్రయ్యర్ తీసి కాసేపు పట్టి గాని స్టేజీ ఎక్కను.