చిన్నతాయి కుడికాలు

చిన్నతాయి ఎదురుకాళ్లతో పుట్టింది. తల రావలసిన చోట ముందు పాదం కనబడేసరికి మంత్రసాని గుండె జారిపోయిందట. ఏదో పుణ్యాన తల్లీ బిడ్డా బతికి బయటపడ్డారు. కోవిల్పట్టికి రెండు మైళ్ల దూరంలో, నల్లరేగడి మధ్య ఉన్న ఆ తెలుగువాళ్ల ఊరికి మాత్రం ఆ పూట ఒక వైద్యం పుట్టినట్టయింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో మూడుసార్లు తొక్కితే పట్టేసిన మెడ, పట్టేసిన నడుము వదిలిపోతాయని అక్కడి నమ్మకం. నమ్మకమంటే అలాంటిలాంటిది కాదు! మూడేళ్ల పిల్ల మట్టిలో ఆడుకుంటూ ఉంటే చంకనేసుకుపోయి అరవై ఏళ్ల ముసలాయన మెడ మీద నిలబెట్టేవాళ్లు. పిల్ల కేరుమని ఏడ్చేది. ముసలాయన 'వదిలింది తల్లీ' అని దండం పెట్టేవాడు.

మెడ పట్టడాన్ని ఆ పక్క సుళుకు అంటారు. సుళుకు పట్టినవాళ్లు నాగలాపురం నుంచి, తిరుత్తంగల్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. వట్టి చేతులతో వచ్చేవారు కారు. ఒకరు దోసకాయలు తెస్తే ఒకరు మానికెడు సజ్జలు తెచ్చేవారు. పిల్లకు గర్వం రాదా మరి? వచ్చింది. ఊళ్లో ఆడపిల్లలందరి కాళ్లూ నడవడానికైతే తన కుడికాలు దేవుడు పనిగట్టుకుని ఇచ్చిందనుకుంది. పగుళ్లు పడకుండా దానికి రోజూ ఆముదం రాసుకునేది.

పదహారో ఏట ఆమెను మేనత్త కొడుకు వేలుసామికి ఇచ్చారు. ఆ పక్క వాడుక ప్రకారం మొగుణ్ని మామా అని పిలిచేది. మంచివాడు. కోపం వచ్చినా గొంతు లేవని మనిషి. ఆరెకరాల మెట్ట ఉండేది గాని, వరుసగా రెండేళ్లు వాన ముఖం చాటేసింది. ఏం చేస్తాడు? విరుదునగర్ పేటలో మూటల పనికి కుదిరాడు. పెద్దవాళ్లు ఆ ఊరిని ఇంకా విరుదుపట్టి అనే అనేవారు. మిరపకాయల మూటలు, పత్తి బోరాలు మెడ మీద వేసుకుని, తల కిందికి వంచి, గిడ్డంగి మెట్లెక్కాలి. శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి వచ్చేవాడు. సోమవారం పొద్దున తిరిగి పోయేవాడు.

పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటో సంవత్సరం, శివరాత్రి వచ్చే మాసి నెలలో ఒక శనివారం, తల ఎడమకు వాలేసుకుని వచ్చాడు. గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే చెవిపెట్టి వింటున్నట్టుంది వాలకం. కుడి పక్కకు తల తిప్పబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అత్తా, నేను కాలు పెట్టేదా?" అంది చిన్నతాయి.

అత్త కాళియమ్మాళ్ అంతెత్తున లేచింది. "నోరు మూయి! మొగుని మెడ మీద పెండ్లాము కాలు పెట్టేదా? మన కులములో ఎప్పుడన్నా జరిగిండాదా?"

"వద్దు పిల్లా. ఊరు నవ్వుతాది," అన్నాడు వేలుసామి కూడా.

చూడండి, ఎంత అన్యాయమో! పదూళ్ల మెడలకు పనికొచ్చిన కాలు సొంత మొగుడికి పనికిరాలేదు. చిన్నతాయి చేతులు నలుపుకుంటూ నిలబడింది. అత్త తవుడు, ఉప్పు వేయించి కాపడం పెట్టింది. ఆముదపాకు కట్టింది. కట్లు కట్టే పొన్నయ్యను పిలిపించారు. ఆయన నూనె పోసి రుద్ది, గడ్డం కింద తువ్వాలు వేసి, భుజానికి మోకాలు అదిమి ఒక్క లాగు లాగాడు. వేలుసామి పెట్టిన కేకకు దొడ్లో ఎద్దులు లేచి నిలబడ్డాయి. ఒక దినం బాగున్నట్టే ఉండి, మరునాటికి నొప్పి భుజం దాకా దిగింది.

ఆఖరికి విరుదునగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి మొగుడూ పెళ్లాలిద్దరూ పోయారు. ఆయన మెడంతా వేళ్లతో నొక్కి చూసి, అరవంలో నిదానంగా చెప్పాడు. కొన్ని మెడలు పట్టేస్తే నాలుగు దినాల్లో వాటంతటవే సర్దుకుంటాయట. ఇది అలాంటిది కాదట, బరువుకు అలిసిపోయిన మెడ. రెండు నెలలు మూట ఎత్తకూడదు. పొద్దునా సాయంత్రమూ వేడినీళ్ల గుడ్డ వేసి, మెల్లగా అటు పదిసార్లు, ఇటు పదిసార్లు తిప్పాలి. అదే మందు.

వాటంతటవే సర్దుకుంటాయన్న మాట చిన్నతాయికి ముల్లులా గుచ్చుకుంది.

"తిరగని మెడకు తిప్పేదే మందా? బాగుండాది వైద్యము!" అని అత్త నవ్వింది. వేలుసామికి సిగ్గేసి ఎద్దుల కొట్టం వెనక నిలబడి తిప్పుకునేవాడు. పది దినాలకు కాస్త వదులైంది కూడా. ఇంతలో మేస్త్రి కరుప్పయ్య కబురు పంపాడు. సోమవారం వస్తే పని వేలుసామిది, రాకపోతే ఇంకొకడిది. ఇంట్లో గింజలు కుండ అడుగుకు వచ్చేశాయి. రెండు నెలలట, రెండు నెలలు! ఆ మందు ఎవరింట్లో ఉంటుంది?

ఆదివారం పొద్దున కాళియమ్మాళే దిగివచ్చింది. "ఆ గడియకు నువ్వు వాని పెండ్లాము కాదు. సుళుకు తీసే మనిసివి, అంతే. నడమ పసుపు గుడ్డ వేస్తాము. కాలు తగలదు," అంది.

ఊరంతా ఇంటి తిన్నె ముందు మూగింది. వేలుసామి బోర్లా పడుకున్నాడు. పసుపు గుడ్డ మీద చిన్నతాయి కుడికాలు పెట్టింది. మడమ కింద మెడ కొయ్యలా ఉంది. 'దేవుడా, ఇన్నాళ్లు ఊరోళ్లకు ఇచ్చినావు, నాకని ఒక్కటీ అడగలేదు. ఈ ఒక్కటి అడుగుతాండాను' అనుకుంటూ మూడుసార్లు తొక్కింది. వేలుసామి లేచి కూర్చున్నాడు. పెళ్లాం ముఖం వంక చూశాడు.

"వదిలింది," అన్నాడు.

జనం ఒక్కసారిగా కేకలు వేశారు. చిన్నతాయి మొగుడి కాళ్ల మీద పడి వలవలా ఏడ్చింది. ఆమె బతుకులో అంత సంతోషం మళ్లీ రాలేదు.

సోమవారం తెల్లవారి వేలుసామి కోవిల్పట్టి స్టేషనుకు బయలుదేరాడు. సద్దిమూట మరిచిపోయాడు. చిన్నతాయి అది పట్టుకుని బాట వెంట పరుగెత్తి, వెనక నుంచి "మామా!" అని పిలిచింది.

తల తిరగలేదు. అతను ఆగి, రెండు కాళ్లూ ఎత్తి పెట్టి, ఇరుకు సందులో బండి మళ్లించినట్టు ఒళ్లంతా తిప్పాడు.

చిన్నతాయి సద్దిమూటతో దగ్గరికి వచ్చింది. "వదల్లేదు గదా మామా?"

"వదిలిందని చెప్తిని గదా."

"పోవద్దు మామా. నేనే ఊళ్లో చెప్తాను, నా కాలిలో ఏమీ లేదని."

"చెప్తే మేస్త్రి రెండు నెలలు ఇస్తాడా? ఎట్లయినా మూట ఎత్తాల్సిందే పిల్లా. బాగైందని చెప్పి ఎత్తితే నీ కాలి పేరన్నా మిగులుతాది." సద్దిమూట అందుకున్నాడు. "అటు పది, ఇటు పది రైల్లో తిప్పుకుంటాలే. నువ్వు ఇంటికి పో."

ఆమె వెనక్కి వచ్చేసరికి తిన్నె మీద నాగలాపురం రాజమ్మాళ్ మెడ పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన మానికెడు సజ్జలున్నాయి.

"మీ మామకే వదిలిందంట గదా తల్లీ! నిన్న అది విని రాత్రికి రాత్రే బండి కట్టించితిని."

చిన్నతాయి వద్దనబోయింది. అత్త అప్పటికే పసుపు గుడ్డ పరిచేసింది. ఏం చెప్పగలదు? ఏమని చెప్పగలదు? మొగుడు మెడ పెట్టి నిలబెట్టిన పేరది. కాలెత్తి మూడుసార్లు తొక్కింది.

రాజమ్మాళ్ లేచి కూర్చుంది. మెడ ఒకసారి తడుముకుంది. చిన్నతాయి ముఖం వంక చూసింది.

"వదిలింది తల్లీ," అంది.

ఇన్నేళ్లలో ఆ మాట తనతో ఎందరన్నారో చిన్నతాయికి లెక్క లేదు. వాళ్లలో ఎందరు ఇలాగే తన ముఖం చూసి అన్నారో ఇక తెలిసే దారీ లేదు.