మా అన్న కోసం ఆగిన ఆట

మా అన్న ఎవరి మాటా చివరిదాకా వినేవాడు కాదు. ఎదుటివాళ్లు సగం చెప్పేసరికి మిగతా సగం తనే చెప్పి, జవాబు కూడా తనే ఇచ్చేసేవాడు. తాండూరులో బండల పాలిష్ మిషన్లు పెట్టాక ఆ తొందర ఇంకా పెరిగింది. చెవి దగ్గర ఫోను, కళ్లు లారీ మీద, కాలు బండి కిక్కు మీద. మాది నవాబుపేట దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. మా నాయన కంది చేను గట్టున కూర్చుని మబ్బు వైపు ఎంతసేపైనా చూడగలిగేవాడు. ఆయన కొడుకు చాయ్ చల్లారేదాకా కూడా ఆగలేకపోయేవాడు.

అలాంటి మనిషికి యాభై దాటిన కొన్నాళ్లకే పక్షవాతం వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ప్రాణానికి భయం లేదన్నారు. కానీ కుడి చెయ్యి మాట వినడం లేదు, నోరు అసలే తిరగడం లేదు. అన్నీ అర్థమవుతాయి, చెప్పాలనుకున్నది మాత్రం బయటికి రాదు. "నీళ్లు" అనబోయి "నీ... నీ..." అంటుంటే మా వదిన గ్లాసు అందించేది. చూడటానికి వచ్చినవాళ్లు ఏదో అడిగి, జవాబు ఆలస్యమైతే వాళ్లే చెప్పుకుని వాళ్లే తల ఊపుకునేవాళ్లు. అంతా ప్రేమతోనే. అయినా ఆయన మొహం ముడుచుకుపోయేది. కొన్నాళ్లకు మాట్లాడే ప్రయత్నమే మానేసి, ఎవరైనా వస్తే గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

నేను వికారాబాద్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. ప్రతి ఆదివారం పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లేదాన్ని. ఒక ఆదివారం బయల్దేరుతుంటే, ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా సంచిలో పెట్టింది.

"మామకియ్యి అమ్మా. ఇండ్ల ఒక ఆట ఉంది."

"చెయ్యే లేస్తలేదు, ఏం ఆడతడే?"

"గిది ఉరికే ఆట కాదు. మన వంతు అయినంకనే వాళ్ల వంతు. మనం కదిపేదాక వాళ్లు కదలరు. మామ పొద్దుందాక ఆలోచించినా ఏమనదు."

రైల్లో తెరిచి చూశాను. కొండల మధ్య ఒక రాజ్యం, దాని మీదికి వచ్చే రాక్షస మూక, ఎదురు నిలవడానికి మనకొక చిన్న దండు. అందులో బల్లెం పట్టిన ఒక మనిషి, విల్లు పట్టిన పిల్ల, గుర్రపు రౌతు, నడుము వంగిన మంత్రగాడు. నేలంతా ఆరు పలకల గడులు. ఒక్కొక్కరిని ఒక్కో గడిలోకి జరిపి, ఎవరిని కొట్టాలో చెప్పి, "నా వంతు అయింది" అన్న చోట నొక్కితే అప్పుడు రాక్షసులు కదులుతారు. చిన్నప్పుడు బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడిన పులి-మేకకు కత్తులూ మంత్రాలూ తగిలించినట్టు అనిపించింది.

ఆ రోజు అన్న దాని వైపు చూడలేదు. నేనే మంచం పక్కన స్టూలు వేసుకుని ఆడటం మొదలుపెట్టాను. నాకు రాదు. బల్లెం వాడిని తీసుకెళ్లి బురదలో దించాను. వెనక నుంచి "ఊహు" అని వినిపించింది. తిరిగి చూస్తే అన్న తెర వైపే చూస్తున్నాడు. తర్వాత విల్లు పిల్లను అందరికంటే ముందుకు పంపాను. ఎడమ చెయ్యి లేపి గాల్లో ఊపాడు.

"ఎ... ఎన్..."

"ఏందన్నా?"

నాకు నిజంగానే అర్థం కాలేదు. వదిన వంటింట్లో ఉంది. ఆయన మాట పూర్తి చేయడానికి గదిలో ఎవరూ లేరు. తెర మీద రాక్షసులు తమ గడుల్లో నిలబడి, మేము ఏదో ఒకటి తేల్చేదాకా కొద్దిగా ఊగుతూ ఉన్నారు. అన్న కళ్లు మూసుకున్నాడు. పెదవులు చాలాసేపు కదిలాయి.

"ఎన్కకు... తియ్."

పిల్లను వెనక్కు తీశాను. బల్లెం వాడిని ఎడమకు జరపమన్నాడు. గౌతును గుట్ట ఎక్కించమన్నాడు. "రౌతు" అనబోతే "గౌతు" అని వచ్చింది, నేను రౌతనే అర్థం చేసుకున్నాను. రాక్షసులు బురదలోకి దిగి నెమ్మదించారు, మావాళ్లు పై నుంచి కొట్టారు. గెలిచాం. నేను వంటింట్లోకి వెళ్లి వదినతో "ఇంతసేపు మాట్లాడిండు" అంటే ఆమె నమ్మలేదు. వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్న ఆమెను చూసి, తెర వైపు గడ్డం చూపించి, "మళ్ల" అన్నాడు.

అప్పటి నుంచి మా ఆదివారాలు అలా సాగాయి. మౌసు నా చేతిలో, దండు ఆయన నోట్లో. ఎడమ, గుట్ట, ఆగు, కొట్టు, ఎన్కకు. మొదట ఒక్కో మాట, తర్వాత రెండేసి. నేను తప్పు గడిలో పెడితే ఒకసారి విసుగ్గా, "గట్ల కాదు చెల్లె, నువ్వు జర ఆగు" అన్నాడు. జబ్బు చేశాక ఆయన నోట విన్న మొదటి పూర్తి వాక్యం అదే. తిట్టే అయినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆట ఆయనను బాగు చేసిందని నేను చెప్పను. రోజూ వచ్చి చెయ్యి వంచి సాగదీసిన ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది, విడవకుండా నూనె రాసి నడిపించిన వదిన ఉంది. కానీ మా అందరి దగ్గరా లేనిదొకటి ఆ ఆట దగ్గర ఉంది. అది ఆయన మీద జాలిపడదు, ఆయనను తొందరపెట్టదు. చుట్టూ ఉన్న మేమంతా మంచివాళ్లమే గానీ, మాకు పొయ్యి మీద కూర మాడుతూ ఉండేది, రైలు టైమవుతూ ఉండేది. ఆటకు అవేవీ లేవు. ఇంకో మంచి గుణం, అందులో పొరపాటు దాక్కోదు. ఎందుకు ఓడామో తెర మీదే కనిపిస్తుంది. ఫలానా గడిలో నిలబెట్టావు, నీ వెనక ఎవరూ లేరు, అందుకే పడ్డావు. ఆసుపత్రిలో ఎవరూ ఆయనకు అంత తేటగా చెప్పలేదు.

లోపాలు కూడా చెప్పాలి. కథ చాలా నీరసం. తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి ఆ ఇంగ్లీషు సంభాషణలు నేనే తెలుగులో చదివి వినిపించేదాన్ని. ప్రతి రాజూ ఒకే రకంగా మాట్లాడతాడు, ప్రతి ముసలివాడికీ ఒక జోస్యం తెలిసి ఉంటుంది. అన్నకు నవ్వొచ్చేది. అక్షరాలు చీమల్లా ఉండేవి. ప్రతి యుద్ధం తర్వాత ఉంగరాలు, రంగురాళ్లు, కషాయాలు కుప్పలుగా వస్తాయి, ఎవరికి ఏది తొడగాలో చూసుకునేసరికి ఆడే ఓపిక పోతుంది. దెబ్బ తగులుతుందని దాదాపు ఖాయంగా చూపించి తీరా కొడితే తప్పిపోతుంది. అలా జరిగినప్పుడల్లా అన్న, "లంగ ఆట" అనేవాడు, మోసపు ఆటని. ఆ మాట మాత్రం ఎక్కడా తడబడకుండా వచ్చేది.

వీటిని భరించవచ్చు. అసలు చిక్కు వేరే చోట వచ్చింది. అన్న ఎడమ చేత్తో మౌసు పట్టడం నేర్చుకున్నాడు. మేమంతా సంతోషించాం. కానీ ఒక్కడే ఆడుకోవడం వచ్చాక మాటతో పనిలేకపోయింది. వారమంతా నోరు మూసుకుని తెర ముందు కూర్చునేవాడు. దానికి తోడు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆటను దాచిపెట్టుకుని, నచ్చకపోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే వీలుంది అందులో. విల్లు పిల్ల పడిపోతే వెనక్కు, రౌతుకు గాయమైతే వెనక్కు. ఒకే యుద్ధాన్ని ఒక్క దెబ్బ కూడా తగలకుండా గెలిచేదాకా తిరిగి తిరిగి ఆడేవాడు.

ఒక ఆదివారం నేను చెప్పులు విడిచేలోపే వదిన అందుకుంది.

"నువ్వు ఇచ్చిపోయినవ్, నేను పరేషాన్ అవుతున్న. నడువుమంటే గిదొక్కటి అయినంక అంటడు. అది ఎన్నటికీ అయితలేదు. ఆ పోరి సచ్చిపోయిందట, మళ్ల లేపాలెనట."

లోపలికి వెళ్లాను. అన్న తల ఎత్తలేదు. పక్కన కూర్చుని, అమ్మాయి ఫోన్లో చెప్పిన సంగతి చెప్పాను. వెనక్కు వెళ్లే వీలు లేకుండా ఆడే పద్ధతి ఒకటి ఉంది. అది పెట్టుకుంటే పోయినవాళ్లు పోయినట్టే.

"గట్ల ఆడుదామా అన్నా, ఇద్దరం?"

మౌసు నా వైపు జరిపాడు. "నువ్వు... ఉంటేనే" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. మళ్లీ మౌసు నా చేతికి వచ్చింది, మాట ఆయన నోటికి వచ్చింది. ఈసారి ఆట నెమ్మదిగా, జాగ్రత్తగా సాగింది. ఒక్కో అడుగుకూ నాతో వాదించేవాడు. మధ్య రోజుల్లో వదిన చెప్పినంత నడిచేవాడు. చాలా వారాల తర్వాత, ఒక వాగు దాటే యుద్ధంలో రౌతు పడిపోయాడు. తప్పు ఎవరిదీ కాదు. తగలాల్సిన దెబ్బ తగల్లేదు, అంతే. గుర్రం ఒక్కటే కాసేపు గడిలో నిలబడి మాయమైంది. వెనక్కు తీసుకుందామని నా చెయ్యి మౌసు మీదికి పోయింది. వెనక్కు వెళ్లే దారి లేదు.

అన్న ఏడ్చాడు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఏడుపు తొందరగా వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. అదేననుకుని భుజం మీద చెయ్యి వేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గా పొద్దు... పొద్దుగాల్నే చెయ్యి తిమ్మిరెక్కింది."

నేను ఆగాను.

"కొడంగల్‌ల లోడు ఉండె. పోయిన. ఎవరికి... చెప్పలే." ఊపిరి తీసుకున్నాడు. "గా పొద్దు కాడికి పోయి... మళ్ల మొదలువెడితే... మంచిగుండేది గదా."

నెలల తరబడి ఆయన గోడ వైపు తిరిగి చూసింది ఆ పొద్దునేనని అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర అలికిడైంది. వదిన చేతిలో చాయ్ పళ్లెంతో నిలబడి ఉంది. పళ్లెం కింద పెట్టి మంచం చివర కూర్చుంది.

"నాకెరుక" అంది. "గా పొద్దు నువ్వు చాయ్ గ్లాసు ఎడమ చేత్తోని వట్టుకున్నవ్. నేను చూసిన. ఎందుకని అడగాలె అనుకున్న. బట్టలు ఆరేసే పనివడి అడగలే."

ఇద్దరూ ఒకే పొద్దును, ఒకరికొకరు తెలియకుండా, చెరో గదిలో కూర్చుని మనసులో మార్చుకుంటూ వస్తున్నారు. అన్న ఎడమ చెయ్యి చాపి ఆమె ముంజేతి మీద పెట్టాడు. "నీది... లే" అన్నాడు. నీ తప్పు లేదని. ఆమె ఆ మాటను పూర్తి చేయలేదు. చాయ్ చల్లారిపోయింది. నేను లేచి మళ్లీ వేడి చేసుకొచ్చాను, ముగ్గురం తాగాం. ఆ రోజు ఆట అక్కడే ఆపేశాం.

తర్వాతి ఆదివారం రౌతు లేకుండానే ముందుకు వెళ్లాం. ఓడిపోలేదు. పైగా అక్కడి నుంచి ఆట సులువైపోయింది, అది దాని పెద్ద బలహీనత. మన దండు బలపడేకొద్దీ రాక్షసుల సంఖ్య పెరుగుతుంది గానీ తెలివి పెరగదు. ఎవరు అందరికంటే బక్కగా ఉంటే వాళ్ల మీదికే వస్తారు. ఆ బక్కవాడిని ఎర వేసి పక్క నుంచి కొడితే చాలు. ఎవరు గెలుస్తారో తెలిసిపోయాక కూడా ఇంకా కోటలు, ఇంకా వంతెనలు, ఇంకా రాజుల ఉపన్యాసాలు. దాన్ని తయారుచేసినవాళ్లకు ముగించడం చేతకాలేదో, మనసు రాలేదో.

"వీనికి బుద్ధి లేదు" అన్నాడు అన్న ఒకరోజు, ఆవలిస్తూ. "రోజూ ఒక్క తీర్గనే వస్తడు."

ఆ ఆవలింత చూసి వదిన నా వైపు చూసింది. ఊరికే కూర్చోవడం ఆయనకు విసుగనిపించి ఎన్నాళ్లయిందో. మరుసటి వారం నుంచి పొద్దున కాసేపు మిషన్ల దగ్గరికి వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చే ఒక గుత్తేదారు, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడేవాడు, బేరం మధ్యలో అన్న మాట తడబడితే తనే పూర్తి చేయబోయాడట. అన్న ఎడమ అరచెయ్యి ఎత్తి, గుత్తేదారు ఊరుకునేదాకా చూసి, తన వాక్యం తను చెప్పాడట. ఇది వదిన నాకు ఫోన్లో చెప్పింది. గొంతులో గర్వం దాచుకోవాలని ఆమె అసలు ప్రయత్నించలేదు.

ఆట మేము పూర్తి చేయలేదు. చలికాలం సెలవుల్లో మా అమ్మాయి ప్రాజెక్టు కోసం ల్యాప్‌టాప్ కావాలంది. నేను వెళ్లి తెస్తానన్నాను. కానీ ఆ పొద్దున అన్న నాకు ఫోన్ చేశాడు. వెనక రైలు కూత.

"చెల్లె, నేను... వికారాబాద్ స్టేషన్‌ల ఉన్న. ఒక్కన్నే వచ్చిన. మీ వదినకు ఫికర్ చెయ్యకుమని నువ్వు చెప్పు. నేను చెప్తె తిడతది."

ఆటో తీసుకుని వెళ్లేసరికి ప్లాట్‌ఫాం బెంచీ మీద, ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుడి కాలు ఈడుస్తూనే నడిచాడు. ఇంటికొచ్చాక మా అమ్మాయి సంచి తెరిచి, ఆటలో ఎక్కడిదాకా వచ్చామో చూసింది.

"మామా, ఇంక రెండు కోటలే ఉన్నయి. ఆఖరుది మంచిగుంటది. ఆడకపోతివి?"

"నువ్వే ఆడు బిడ్డా" అన్నాడు అన్న, ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటూ. "నాకు మాపటికి... లారీ ఉంది."