ఇంజనీరమ్మ షట్టర్

గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసే మేస్త్రీకి ఆమె ఒక్కతే కూతురు. నడక వచ్చిన నాటి నుంచీ షాపులోనే పెరిగింది. పన్నెండేళ్ళకే కారు తలుపును అరచేత్తో తడిమి, దెబ్బ ఎక్కడ పడాలో చెప్పేది. కోపం మాత్రం అచ్చం తండ్రిదే. బడిలో ఎవడో వెక్కిరిస్తే వాడి ముక్కు పగలగొట్టి ఇంటికొచ్చింది. మేస్త్రీ ఆమెను నాలుగు తిట్టి, ఆ సాయంత్రమంతా లోలోపల మురిసిపోయాడు.

బడి చదువు అయ్యాక ఐదు ఇంజనీరింగ్ కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. నాలుగు కాదన్నాయి. అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. తండ్రి ఆశగా అడిగేసరికి నోరు జారింది.

"ఒకటి వచ్చేసినట్టే నాన్నా. కాగితం రావాలి, అంతే."

మేస్త్రీకి ఆ మాట చాలు. మర్నాడే పెయింటర్‌ను పిలిచి, షట్టర్ మీద మూరెడేసి ఎర్రటి అక్షరాలతో 'ఇంజనీరమ్మ డెంటింగ్ వర్క్స్' అని రాయించాడు. పిల్ల ఇంకా కాలేజీ గేటైనా తొక్కలేదు, అప్పుడే షట్టరెక్కేసింది. ఇక వీధి వీధంతా "ఏం ఇంజనీరమ్మా!" అని పలకరించడమే. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ఆమె తల దించుకుని షాపులోకి దూరేది.

మంగళవారం మధ్యాహ్నం ఐదో కాలేజీ కూడా కాదంది. ఫోన్‌లో రెండే రెండు వాక్యాలు. మేస్త్రీ సామాను కొనడానికి వెళ్ళాడు. ఆమె పెద్ద సుత్తి పట్టుకుని బయటికొచ్చి, షట్టర్ కిందికి లాగి, మొదటి అక్షరం మీద బలంకొద్దీ కొట్టింది. రేకు లోపలికి దిగబడింది. తర్వాతి అక్షరం. ఆ తర్వాతిది. పక్కషాపు టైలర్ అడ్డం రాబోతే సుత్తి అతని మీదికి ఎత్తింది. అతను కుట్టుమిషన్ వెనక్కి దూరాడు. రంగు పెచ్చులు ఎగిరి ఆమె మొహాన పడ్డాయి, ఒకటి కనుబొమ్మ మీద గీరుకుని నెత్తురొచ్చింది. అయినా ఆగలేదు.

మేస్త్రీ పరుగున వచ్చి చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆమె రెండు చేతులతో అతన్ని తోసేసింది. అతను కుడిచెయ్యి ఒంటికింద నలిగేలా పడిపోయి, క్షణంలో లేచాడు. చెయ్యి చంకలో దాచుకున్నాడు.

"దెబ్బ తగిలిందా?"

"ఏం కాలేదు! నాలుగింటికి బండాయన వస్తాడే, బండి లోపలుంది!"

షట్టర్ బెత్తెడు కూడా లేవలేదు. వంకరపోయిన పలకలు గాడిలో ఇరుక్కుపోయాయి.

"వెనక కిటికీలోంచి దూరు. నువ్వు లోపల్నుంచి కొట్టు, బయట నేను దిమ్మ ఆనిస్తా."

"టైలర్ బాబాయిని పిలువు నాన్నా."

"నా షాపు మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వను. దూరవే!"

సొట్ట తియ్యాలంటే ఒకరు కొట్టాలి, అవతలి వైపు ఇనుప దిమ్మ ఆనించి ఇంకొకరు ఆ దెబ్బ కాచుకోవాలి. ఆమె చీకట్లో తడుముకుంటూ కొట్టింది. ఒక్కో దెబ్బకీ బయటి నుంచి ఒక్కో తిట్టు. "దున్నపోతా!" "మొండిఘటమా!" ఆ తిట్లకు కసి పెరిగి ఇంకా గట్టిగా కొట్టింది. అతను ఇంకా పెద్దగా అరిచాడు.

"ఏం పాపం చేసిందే నీకు ఈ షట్టరు?"

ఎదురుగా తండ్రి మొహం కనబడటం లేదు. అందుకే నోరు పెగిలింది.

"నాకు సీటు రాలేదు నాన్నా. అయిదూ కాదన్నాయి. నీకు అబద్ధం చెప్పాను."

ఆమె సుత్తి కిందికి దించేసింది.

"ఆపావేం?" అన్నాడు బయటి నుంచి. "ఇంకో రెండు సొట్టలున్నాయి. కొట్టు."

ఏడుస్తూనే కొట్టింది. ఈసారి తిట్లు లేవు, ప్రతి దెబ్బకీ ఒక మూలుగు వినబడింది. తనవల్ల నాన్న ఏడుస్తున్నాడనుకుని సిగ్గుతో చచ్చిపోయింది.

కిర్రుమంటూ షట్టర్ లేచింది. మేస్త్రీ మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఇనుప దిమ్మ బరువు ఒంటిచేత్తో ఆగదు. ఎడమచేత్తో పట్టుకుని, కుడి మణికట్టును దాని వెనక అదిమి ఇంతసేపూ ఆపాడు. ఆ మణికట్టు పొంగి నల్లబడింది, అరచెయ్యి పక్కకు వేలాడుతోంది. ఆమె కొట్టిన దెబ్బలన్నీ దాని మీదే పడ్డాయి.

"విరిగిందని చెప్పొచ్చుగా నాన్నా!" అని గావుకేక పెట్టింది.

"నువ్వు మాత్రం చెప్పావా?" అన్నాడు మేస్త్రీ.