ఎదురింటి పెద్దాయన కుడి మోకాలు

మా ఎదురింటి పెద్దాయన పోయారు. ఆ సంగతి చెప్పడానికి ఆయన భార్య పొద్దున్నే మా తలుపు తట్టేసరికి నా చేతిలో దోసెల గరిటె ఉంది. ఆవిడ ఏడవలేదు. "నిద్రలోనే పోయాడు. కాలు నొప్పి అంటూ పెళ్లైనప్పటి నుంచి నన్ను నిద్రపోనివ్వలేదు. తను మాత్రం హాయిగా నిద్రలో పోయాడు" అంది. లోపలికి రమ్మన్నాను. "నీ పెనం మాడుతోంది, ముందు అది చూసుకో" అని రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరికీ మాట అలాగే ఉండేది. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే, నాకు లోపల వినిపించిన తెలుగులో చెబుతున్నాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మనిషి అని మొదలుపెట్టడం మర్యాద. ఈయన్ని అలా అంటే ముందు ఆయనే నవ్వేవారు. డాలస్ పక్కన కాపెల్‌లో మేం ఇల్లు కొన్నప్పుడు మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. ఆయన ఇక్కడివారే, ఆయనది అంతకు ముందు నుంచీ ఉన్న ఇల్లు. సామాన్లు దింపుతుంటే వచ్చి చూసి, "ఇంకో కంప్యూటర్ కుటుంబం. ఈ వీధిలో నట్టు బిగించడం వచ్చినవాడు ఒక్కడైనా వస్తాడేమోనని చూస్తున్నా" అన్నారు. అది మాకు ఆయన పలికిన స్వాగతం.

ఆయన మెట్లు వెనక్కి తిరిగి దిగేవారు. వాకిట్లో ఉన్నవి కాసిని మెట్లే. రెయిలింగ్ పట్టుకుని, వీధికి వీపు పెట్టి, ఒక్కో కాలూ కిందికి తడుముకుంటూ దిగి, అప్పుడు ఇటు తిరిగేవారు. కుడి మోకాలు కిందికి దిగే బరువు మోయదు. మా అమ్మాయి పుట్టినరోజుకి వచ్చిన పిల్లలు అది చూసి ఆటనుకుని మా మెట్లమీద అలాగే దిగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం రోడ్డు అవతల నుంచి, "బాగా నేర్చుకోండి. మీలో ఎవడైనా కాలేజీకి ఆడితే పనికొస్తుంది" అని కేకేశారు.

ఆ మోకాలు కాలేజీ ఫుట్‌బాల్‌లో పోయింది. ఈ దేశపు ఫుట్‌బాల్, మనుషులు మనుషుల మీద పడేది. పెద్ద యూనివర్సిటీ, స్టేడియం నిండా జనం. చదువు, గది, తిండి ఉచితం, అంతకు మించి ఒక్క డాలర్ తీసుకున్నా అప్పట్లో నేరం. రెండో ఏడు మోకాలు విరిగింది. మూడో ఏడు స్కాలర్‌షిప్ రాలేదు. డిగ్రీ పూర్తికాలేదు. గోడౌన్‌లో సరుకులెత్తే బండి నడిపి రిటైరయ్యారు. కాలేజీ వదిలేశాక ఒకసారి మ్యాచ్ చూద్దామని వెళితే, ఆయన నంబర్ ఉన్న చొక్కా వేసుకున్న కుర్రాడే ఆయన దగ్గర పార్కింగ్ డబ్బులు వసూలు చేశాడట. కాలేజీ దుకాణంలో ఆ చొక్కాలు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. "వాడికి చిల్లర కూడా వదిలేశాను. నా నంబర్‌కి నేనిచ్చిన టిప్పు" అనేవారు. ఈ కథ ఆయన నోట నేను చాలాసార్లు విన్నాను. ఒక్కసారి కూడా జాలిపడే సందు ఇవ్వకుండా చెప్పేవారు.

మా అమ్మాయి మిడిల్ స్కూల్‌లో పరుగు మొదలుపెట్టింది. మా వీధి గుండ్రంగా తిరిగి మళ్లీ మా ఇంటికే వస్తుంది. పెద్దాయన పొద్దున్నే మడత కుర్చీ తెచ్చి తన ఇంటి ముందు డ్రైవ్‌వేలో వేసుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేవారు. ఎవరూ పిలవలేదు. "నత్తలు నిన్ను దాటిపోతున్నాయి, పక్కకు జరుగు, పాపం వాటికి పనులున్నాయి" అన్నారు మొదటిరోజు. పిల్ల ఏడుస్తూ లోపలికొచ్చింది. నేను వెళ్లి గట్టిగా మాట్లాడదామని చెప్పులేసుకునేలోపు మళ్లీ బయటికి పరిగెత్తింది. తర్వాత తర్వాత ఆయన కుర్చీ రానిదే అది పరుగు మొదలుపెట్టేది కాదు. ఆయన టైం ఎప్పుడూ చెప్పేవారు కాదు. "నిన్నటి కన్నా చెత్త" అనేవారు. ఏమీ అనకపోతే బాగా పరిగెత్తినట్టు. అలా ఏమీ అనని రోజుల్లో మా అమ్మాయి సంతోషంగా రెండు దోసెలు ఎక్కువ తినేది.

దానికి పెద్దాయన ఆడిన ఆ కాలేజీలోనే దూరప్పరుగుల స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు మేం చేసిన పార్టీ గురించి చెప్పాలి. కాలేజీ రంగుల్లో కేకు, గరాజ్‌లో బిర్యానీ. మా స్నేహితురాలొకావిడ, "ఏంటి వదినా, పరిగెత్తితే సీటిచ్చారంట? మావాడు పరిగెత్తితే ఫ్రిజ్ దాకానే" అంటే అందరం నవ్వాం. సీటు అన్న మాట అక్కడే పడింది. మాకు సీటంటే ఏమిటో తెలుసు. ర్యాంకు కొడితే సీటొస్తుంది, వచ్చిన సీటు నాలుగేళ్లూ మనది, దాన్ని ఎవడూ లాక్కోలేడు. మావారు, నేను అలాగే ఇంజనీరింగ్ చదువుకున్నాం. ఇదీ అలాంటిదేనని మా ఇద్దరికీ ఎంత గట్టి నమ్మకమంటే, దాన్ని ఏ ఏడాదికా ఏడాదే ఇస్తారని కోచ్ స్పష్టంగా చెప్పినా అది మా చెవుల్లో ఫీజు కట్టే గడువులా వినిపించిందే తప్ప ఇంకోలా వినిపించలేదు.

పెద్దాయన రంగు కాగితం చుట్టిన పొట్లం తెచ్చారు. విప్పితే మోకాలికి కట్టుకునే ఐస్ పట్టీలు.

"వాళ్లు ఇవ్వనిది ఇదొక్కటే" అన్నారు మా అమ్మాయితో. తర్వాత నావైపు తిరిగి, "గుర్రాన్ని బాగా పెంచారు మేడమ్. పందెం డబ్బు ఎవడికి?" అన్నారు.

పార్టీ మధ్యలో ఆ మాట. నాకు ఒళ్లు మండింది. "చదువు ఉచితంగా ఇస్తున్నారు కదండీ. మా ఊళ్లో చదువు కోసం పొలాలమ్ముకుంటారు. అంతకంటే ఏం కావాలి?" అన్నాను.

"మీ ఆఫీసులో మీకు భోజనం పెడతారా?"

"పెడతారు."

"అయితే జీతం ఎందుకు తీసుకుంటున్నారు?"

వదినా అని పిలిచిన స్నేహితురాలు కేకు ముక్క ఆయన చేతిలో పెట్టి పక్కకు తీసుకెళ్లింది. ఐస్ పట్టీలు ఆ రోజే మా ఫ్రీజర్‌లోకి వెళ్లాయి. మొదటి సెలవులకి అమ్మాయి ఇంటికి రాగానే వాటి అవసరం పడింది.

మరుసటి వేసవిలో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వొచ్చని కోర్టు తేల్చింది. ఆ వార్త వచ్చిన సాయంత్రం పెద్దాయన రోడ్డు దాటి మా ఇంటికొచ్చారు. పార్టీ తర్వాత అదే రావడం. చేతిలో పీచ్ పళ్లు పెట్టి కాల్చిన పై. "నా జన్మలో చూడననుకున్నా. ఇంక మీ పిల్లకీ ఇవ్వాల్సిందే" అన్నారు. ఆయన ముఖంలో వెటకారం లేకపోవడం నేను మొదటిసారి చూశాను. అందుకే చెప్పడానికి నోరు రాలేదు. మావారే చెప్పారు. మా అమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది, నడక సరిగ్గా రాకముందే ఇక్కడికొచ్చింది. మా గ్రీన్ కార్డ్ ఇంకా క్యూలోనే ఉంది. తను మా వర్క్ వీసా మీద డిపెండెంట్. ఉచితంగా పరిగెత్తొచ్చు, పరుగుకు డబ్బు తీసుకుంటే స్టేటస్ పోతుంది, అంటే ఇక్కడ ఉండే హక్కే పోతుంది.

ఆయన తను తెచ్చిన పీచ్ పై వంక చూసి నవ్వారు. "అయితే డబ్బివ్వక్కర్లేని వాళ్లు ఇంకా కొందరు మిగిలారన్న మాట. కాలేజీ వాళ్లు అదృష్టవంతులు." పీచ్ పై మా దగ్గరే వదిలేసి వెళ్లారు. పీచ్‌లు పుల్లగా ఉన్నాయి.

ఆయన్ని న్యాయం కోసం నిలబడ్డ మనిషిగా రాయాలని ఉంది, కానీ అది పూర్తి నిజం కాదు. డబ్బు రావడం మొదలయ్యాక ఆయనకు ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లంటే గిట్టేది కాదు. శనివారం టీవీ ముందు కూర్చుని, "జీతం తీసుకుని కూడా బంతి వదిలేస్తాడా? నేను ఫ్రీగా పట్టేవాణ్ని" అని తిట్టే తిట్లు రోడ్డుకివతల మాకు వినపడేవి. ఇవ్వాలి ఇవ్వాలి అని ఇన్నేళ్లు అన్నవారు, ఇస్తే ఇదేమిటని ఒకసారి అడిగాను. "ఇవ్వమన్నది నాకు. వీళ్లెవరు?" అన్నారు. వెంటనే, "అలా చూడకండి. ఆకలితో ఉన్నవాడు పక్కవాడి ప్లేటు చూసి చప్పట్లు కొడతాడా?" అన్నారు.

ఆ శీతాకాలంలో మా అమ్మాయి కాలేజీవాళ్లు దూరప్పరుగుల టీములు రెండింటినీ, ఆడపిల్లలదీ మగపిల్లలదీ, తీసేశారు. ఫుట్‌బాల్ కుర్రాళ్లకు ఇచ్చే డబ్బు ఎక్కడినుంచో రావాలి. పిల్లలందర్నీ ఒక హాల్లోకి పిలిచి చెప్పారు. ఈ ఏడాది చివరి వరకు స్కాలర్‌షిప్ ఉంటుంది, తర్వాత ఉండదు. బయటికొచ్చేటప్పుడు తలా ఒక దుప్పటి చేతిలో పెట్టారు, కాలేజీ రంగుల్లో, మధ్యలో గుర్తుతో.

"అమ్మా, సీటు పోయింది. బ్లాంకెట్ ఇచ్చారు. యాక్చువల్లీ చాలా సాఫ్ట్‌గా ఉంది" అంది ఫోన్‌లో. సీటు అన్న మాట అది మా దగ్గర నేర్చుకున్నదే.

ఏడాది అవగానే ఇంటికొచ్చేసింది. దగ్గర్లో ఉన్న యూనివర్సిటీకి ఇంటినుంచి డ్రైవ్ చేసుకుని వెళ్లడం, రావడం. వచ్చిన మర్నాడు కారులో సామాన్లు తీస్తుంటే పెద్దాయన వెనక్కి వెనక్కి మెట్లు దిగి, ఇటు తిరిగి, దాని చేతిలో దుప్పటి చూశారు. అంచు పట్టుకుని రెండు వేళ్లతో నలిపారు.

"బాగా పీల్చుకునే గుడ్డ. నా పికప్ బండి కింద నూనె కారుతోంది, అక్కడ బాగుంటుంది. ఇచ్చేయి."

"నో అంకుల్. నాకు వాళ్లిచ్చింది ఇదొక్కటే."

"సరే ఉంచుకో. నేను చచ్చాక నాకూ ఒకటి పంపుతారు, పాత ఆటగాళ్లందరికీ పంపుతారు. అది వెయ్యమని మా ఆవిడకి చెబుతా." అంచు ఇంకా వదల్లేదు. "డబ్బు ఫుట్‌బాల్ వాళ్లకేనా వెళ్లింది?"

"అవును."

"ఇన్నేళ్లూ నేను అడిగింది అదే."

"తెలుసు. మీరన్నది రైటే అంకుల్."

"రైటే. నేను సారీ చెప్పను."

"చెప్పొద్దు."

"రేపు పరిగెత్తుతావా?"

"ఎవరికోసం?"

ఆయన దుప్పటి అంచు వదిలేసి మెట్ల వైపు తిరిగారు.

మర్నాడు పొద్దున్న కుర్చీ డ్రైవ్‌వేలో ఉంది. స్టాప్‌వాచ్ ఉంది. మా అమ్మాయి కిటికీ తెర కొంచెం తీసి చూసి, మళ్లీ వేసేసి పడుకుంది. ఆ మర్నాడూ కుర్చీ ఉంది. పోయేముందు రోజు వరకు ఉంది. పిలవలేదు, కేకెయ్యలేదు, రోడ్డు దాటలేదు. నేను ఆఫీస్‌కి వెళుతూ చెయ్యి ఊపితే ఖాళీ రోడ్డు చూపించి, "ఈరోజు కూడా చెత్త టైమే" అనేవారు.

ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ మించి డబ్బివ్వాలా అని నన్నడిగితే, ఇవ్వాలనే అనుకుంటాను. అనుకున్న మరుక్షణం హాల్లోంచి దుప్పటి పట్టుకుని బయటికొచ్చిన మా పిల్ల కనిపిస్తుంది. ఆ డబ్బు పెద్ద కోచ్ జీతంలోంచి రాలేదు, స్టేడియంలో డబ్బున్నవాళ్లు కూర్చునే అద్దాల గదుల్లోంచి రాలేదు, పరిగెత్తే పిల్లల బస్సు ఖర్చులోంచి వచ్చింది. అది పెద్దాయన తప్పా? కాదు. మరి ఆయన మోకాలు ఊరికే పోవడం న్యాయమా? అదీ కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాను, ఎటూ తేలదు. "చప్పట్లు కొట్టేవాడెవడూ బిల్లు కట్టడు" అనేవారు ఆయన. ఆ మాట మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. దానికి నేను కలపగలిగేది ఒక్కటే. బిల్లు ఆగదు, పక్కవాళ్లింటికి వెళుతుంది.

ఆయనకు నేను కృతజ్ఞురాలిని. మా పిల్లని ఆయన ఎప్పుడూ పొగడలేదు. పొగిడినవాళ్లందరూ దాన్ని ఒక్క మధ్యాహ్నంలో వదిలేశారు. ఆయన మాత్రం అది పరిగెత్తని రోడ్డుకి కూడా టైం చూస్తూ కూర్చున్నారు.

అంత్యక్రియలైన తర్వాతి వారం కాలేజీ నుంచి పార్సెల్ వచ్చింది. నేను ఆవిడకి పప్పూ అన్నం తీసుకెళ్లాను, మా అమ్మాయి నా వెంట వచ్చింది. పార్సెల్‌లో కార్డు, 'మన కుటుంబంలో ఒకరైన మీవారికి' అని. కార్డు కింద దుప్పటి. అవే రంగులు, అదే గుర్తు, మధ్యలో అదే చోట. ఆవిడ కార్డు చదవలేదు. దుప్పటి తీసుకుని తిన్నగా గరాజ్‌లోకి వెళ్లి, పాత పికప్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని బండి కిందికి తోసింది. చూస్తుండగానే గుర్తు మీద ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది. మరక పెరుగుతోంది.

"చెప్పి పోయాడు. కానీ ఈ బండికి ఒకటి చాలదు, తెల్లారేసరికి నేలకి దిగుతుంది" అంది.

మా అమ్మాయి బయటికెళ్లింది. ఇల్లు చేరేలోపు దాని నడక పరుగయింది, ఊరికే రోడ్డు దాటేంత పరుగు. ఆయన డ్రైవ్‌వేలో మడత కుర్చీ ఇంకా విప్పే ఉంది. తిరిగొచ్చినప్పుడు దాని చేతిలో దాని దుప్పటి ఉంది. నేల మీద పడుకుని, చెయ్యి చాచి, ఆయనకొచ్చినదాని కిందికి దూర్చి, అంచులు రెండూ కలిసేలా సర్దింది. తర్వాత ముగ్గురం అక్కడే నిలబడ్డాం. పైనుంచి నూనె ఒక్కో చుక్కా పడుతూనే ఉంది.